2025 వార్షిక నివేదిక: కూగర్స్ హోమ్ గేమ్స్‌కి మనవాళ్ళని తీసుకెళ్ళిన సంగతి

హ్యూస్టన్‌లోని మన తెలుగు అసోసియేషన్ సభ్యులందరికీ నమస్కారం. సంక్రాంతి, ఉగాది, బతుకమ్మ, తెలుగు బడి వీటి వివరాలన్నీ కార్యదర్శి గారి నివేదికలో ఉంటాయి, డబ్బు లెక్కలు కోశాధికారి గారు చెప్తారు. నేను స్పోర్ట్స్ కమిటీ తరఫున ఈ ఏడాది మొదలుపెట్టిన ఒకే ఒక్క పని గురించి రాస్తున్నా, అది యూనివర్సిటీ ఆఫ్ హ్యూస్టన్ (యూహెచ్) అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్ కూగర్స్ మన ఊళ్ళో ఆడే గేమ్స్‌కి మన కుటుంబాలు వెళ్ళేలా చూడడం.

పోయినసారి మీటింగ్‌లో కొందరు పెద్దలు మనకెందుకు ఈ ఆట, క్రికెట్ టోర్నమెంట్ ఇంకోటి పెట్టొచ్చు కదా అన్నారు. న్యాయమైన ప్రశ్నే. కానీ ఒక్కసారి చూడండి, హ్యూస్టన్ చుట్టుపక్కల షుగర్‌ల్యాండ్, పేర్‌ల్యాండ్, కేటీ, సైప్రస్ ఎక్కడ చూసినా మన పిల్లలు యూహెచ్‌లో చదువుతున్న ఇళ్ళు బోలెడు, ఇండియా నుంచి ఎమ్మెస్‌కి వచ్చే మన ఆంధ్రా తెలంగాణా పిల్లలు వేరే, ఆ యూనివర్సిటీని 2008 నుంచి నడిపిస్తున్నది ఉత్తరప్రదేశ్‌లో పుట్టిన రేణు ఖాటర్ గారు. ఇంత సంబంధం పెట్టుకుని మనం స్కాట్ స్ట్రీట్ మీద ఆ స్టేడియం పక్కనుంచి కార్లో వెళ్ళడమే తప్ప లోపలికి అడుగుపెట్టింది తక్కువ.

అసలు హ్యూస్టన్ లాంటి పెద్ద ఊళ్ళో కాలేజీ టీమ్‌కి జనం రావడం కష్టం, చిన్న యూనివర్సిటీ టౌన్‌లో అయితే శనివారం ఇంకో పని ఉండదు, ఇక్కడ టెక్సన్స్ ఉన్నారు ఆస్ట్రోస్ ఉన్నారు రాకెట్స్ ఉన్నారు, అన్నీ ప్రొఫెషనల్ టీమ్స్, పైగా టెక్సాస్ యూనివర్సిటీలో, టెక్సాస్ ఏ అండ్ ఎమ్ యూనివర్సిటీలో చదివి ఇక్కడ ఉద్యోగాలు చేస్తున్నవాళ్ళు లెక్కలేనంతమంది, వాళ్ళ మనసు ఆస్టిన్‌లోనో కాలేజ్ స్టేషన్‌లోనో ఉంటుంది. వీటన్నిటికన్నా పెద్ద కారణం ఇంకోటుంది, యూహెచ్ ఎక్కువమంది పిల్లలు ఇంటినుంచే వచ్చిపోయే కాలేజీ. శుక్రవారం సాయంత్రం క్లాస్ అయిపోగానే కారెక్కి ఇంటికొచ్చేస్తారు. పిలిచేది ఎవరు? మనమే. శనివారం సత్యనారాయణ వ్రతం, శనివారం గృహప్రవేశం, శనివారం మన అసోసియేషన్ ఫంక్షన్. స్టూడెంట్ సెక్షన్‌లో ఖాళీ సీట్లలో కొన్ని మన ఇళ్ళ వల్ల ఖాళీ అయినవే అని ఈ ఏడాది నాకు బాగా అర్థమైంది, ఈ నివేదికలో ముఖ్యంగా చెప్పాలనుకున్నది కూడా అదే.

స్టేడియం గురించి తెలియనివాళ్ళకి నాలుగు ముక్కలు. పాత రాబర్ట్‌సన్ స్టేడియం పడగొట్టి అదే జాగాలో కట్టింది 2014లో తెరిచారు, సీట్లు 40 వేలు, మొన్నటిదాకా టీడీఈసీయూ స్టేడియం, 2025 నుంచి పేరు స్పేస్ సిటీ ఫైనాన్షియల్ స్టేడియం. నిండదా అంటే నిండుతుంది, 2016 నవంబర్‌లో గురువారం రాత్రి లూయివిల్ టీమ్‌ని 36-10తో కొట్టినప్పుడు 42 వేలు దాటారు. 2023లో బిగ్ 12 అనే పెద్ద కాలేజీ లీగ్‌లో చేరిన ఏడాది టెక్సాస్ యూనివర్సిటీ టీమ్ వచ్చినప్పుడూ 42 వేలు దాటారు, కాని ఆ రోజు స్టాండ్స్‌లో టెక్సాస్ వాళ్ళ నారింజ రంగు చొక్కాలు ఎన్నో చూసినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. సీట్లు నిండడం వేరు, మనవాళ్ళతో నిండడం వేరు.

2024లో కోచ్ విల్లీ ఫ్రిట్జ్ మొదటి ఏడాది టీమ్ 4 గెలిచి 8 ఓడింది, అప్పుడు రమ్మంటే ఎవరొస్తారు. 2025లో మొత్తం మారిపోయింది, రెగ్యులర్ సీజన్‌లో 9 గెలుపులు. కాని ఒక లెక్క చూడండి, ఎదుటివాళ్ళ స్టేడియాల్లో ఆడిన ఆరు గేమ్స్ ఆరూ గెలిచారు, ఇంట్లో ఆడిన ఆరింటిలో మూడే గెలిచారు, ఓడిన మూడూ ఇంట్లోనే. ఎదుటి టీమ్స్ గట్టివే, అది నిజమే, జనం లేకే ఓడిపోయారని నేను అనను. అయినా సొంత ఊళ్ళో ఆడడం ఒక బలం కావాలి కదా, ఆ బలం ఇవ్వాల్సింది స్టాండ్స్‌లో కూర్చునేవాళ్ళే.

ఆ బలం అరుపుల్లో ఉంది, ఎప్పుడు అరవాలో మనవాళ్ళకి చెప్పడానికే ఎక్కువ టైమ్ పట్టింది. క్రికెట్‌లో మనవాడు సిక్స్ కొడితే అరుస్తాం, ఇక్కడ అసలు అరవాల్సింది ఎదుటివాళ్ళ చేతిలో బంతి ఉన్నప్పుడు. వాళ్ళ ఆట నడిపించే క్వార్టర్‌బ్యాక్ చెప్పేది పక్కనున్న ప్లేయర్‌కి వినబడకూడదు, వినబడక ఎవడైనా ముందే కదిలాడా ఐదు గజాలు వెనక్కి. మన టీమ్ ఆడేటప్పుడు మాత్రం నోరు మూసుకుని కూర్చోవాలి. నాలుగు ఛాన్సుల్లో పది గజాలు ముందుకెళ్ళాలి, టచ్‌డౌన్‌కి ఆరు, తర్వాత కిక్‌కి ఒకటి, ఫీల్డ్ గోల్‌కి మూడు, ఇంతవరకు తెలుగులో ఒక పేజీ రాసి వాట్సాప్‌లో పెట్టాం. కబడ్డీ ఆడిన ఒక పెద్దాయన ఆ పేజీ చదివి, ఇదీ అంతే కదా బాబూ, అవతలివాడి నేల గజం గజం లాక్కోవడమే అన్నారు. మేం రాసినదానికన్నా ఆయన మాటే పిల్లలు అందరికీ చెప్పారు.

ఇక సీజన్ సంగతి. మొదటి గేమ్ ఆగస్టు 28 గురువారం రాత్రి, స్టీఫెన్ ఎఫ్ ఆస్టిన్ యూనివర్సిటీ మీద, వినాయక చవితి వారం, తెల్లారితే ఆఫీసులు, హ్యూస్టన్ ఉక్కపోత సంగతి చెప్పక్కర్లేదు. మన తరఫున వచ్చింది పదకొండు మంది. టీమ్ 27-0తో గెలిచింది గాని నాకు బాధేసింది.

సెప్టెంబర్ 12 శుక్రవారం కొలరాడో గేమ్‌కి కథ వేరే. వాళ్ళ కోచ్, ఒకప్పటి ఫుట్‌బాల్ స్టార్ డియాన్ శాండర్స్ పేరు విన్న పిల్లలే ఇంట్లో పెద్దవాళ్ళని లాక్కొచ్చారు. కేటీ నుంచి ఐ-10 మీద ఆ టైమ్‌లో రావడం నరకం, అందుకే డౌన్‌టౌన్‌లో కార్లు పెట్టి పర్పుల్ లైన్ ట్రైన్ ఎక్కించాం, ఒకటింపావు డాలర్ టికెట్, స్టేడియం దగ్గరే దిగొచ్చు. 36-20తో గెలిచాం. మన సైప్రస్‌లో హైస్కూల్ ఆడిన క్వార్టర్‌బ్యాక్ కానర్ వైగ్‌మన్ తనే బంతి పట్టుకుని పరిగెత్తుతుంటే మా వెనక వరుసలో ఒక పిన్నిగారు లేచి నిలబడి, పరిగెత్తు నాన్నా పరిగెత్తు అని అరిచారు. ఎనిమిదేళ్ళ వాళ్ళ మనవడు ఆవిడకి ఉంగరం వేలు మడిచి పంజా గుర్తు పెట్టడం నేర్పించాడు. 1953లో టెక్సాస్‌తో ఆటకి తీసుకెళ్తుంటే టీమ్ గుర్తుగా పెంచిన షాస్తా అనే కూగర్ (పిల్లి జాతి అడవి జంతువు) కాలివేలు బోను తలుపులో పడి తెగిపోయిందని, అవతలివాళ్ళు వేలు మడిచి వెక్కిరిస్తే దాన్నే వీళ్ళు గర్వంగా తమ గుర్తు చేసుకున్నారని చెప్తారు. ఈ కథ చెప్పాక పంజా చూపించనివాళ్ళు మా వరుసలో లేరు.

అక్టోబర్ 4 టెక్సాస్ టెక్ గేమ్ గురించి దాచకుండా చెప్పాలి. అదే రోజు మన దసరా ప్రోగ్రామ్. హాల్ బుక్ చేసినప్పుడు గేమ్ డేట్ చూడనేలేదు, తప్పు పూర్తిగా కమిటీది, నాది. సీజన్‌లో అన్నిటికన్నా జనం కావాల్సిన గేమ్ అది, టీమ్ 35-11తో ఓడిపోయింది, అప్పుడు మన పిల్లలందరూ హాల్లో కోలాటం ఆడుతున్నారు. దసరా మానుకోమని ఎవరూ అనరు, కాని ఆదివారం పెట్టుకుని ఉండొచ్చు.

ఆ తర్వాత తల్లిదండ్రులకి ఫోన్లు చేయడం మొదలుపెట్టాం. దీపావళి ముందు శనివారం అరిజోనా గేమ్, అబ్బాయిని అమ్మాయిని ఇంటికి పిలవకండి, మీరే అక్కడికి రండి, పండగ సోమవారం కదా అని బతిమాలాం. చాలామంది విన్నారు. మిఠాయి డబ్బాలు పట్టుకుని పొద్దున్నే వచ్చారు, పిల్లలు వాళ్ళ ఫ్రెండ్స్‌ని తీసుకొచ్చారు, టీమ్ ఆఖరి కిక్ మీద 31-28తో గెలిచింది. ఎమ్మెస్ పిల్లలు కొందరు రెండేళ్ళుగా క్యాంపస్ పక్కనే ఉంటూ స్టూడెంట్ టికెట్ ఎలా తీసుకోవాలో అడగడానికి మొహమాటపడి ఆ రోజే మొదటిసారి లోపలికొచ్చామన్నారు. వాళ్ళకి కావాల్సింది పక్కన నడిచే ఒక మనిషి, అంతే.

నవంబర్ 1 వెస్ట్ వర్జీనియా గేమ్ కార్తీకంలో పడింది. వనభోజనాలు పార్క్‌లో కాకుండా స్టేడియం పక్క టెయిల్‌గేట్ లాట్‌లో, అంటే గేమ్ ముందు కార్ల దగ్గర వండుకుని తినే పార్కింగ్ జాగాలో, పెడదామని మహిళా విభాగం వాళ్ళ ఆలోచన. కోటప్పకొండ తిరనాళ్ళకి బండ్లు విప్పి వంట చేసుకునేవాళ్ళని చూసినవాళ్ళకి టెయిల్‌గేట్ కొత్తేం కాదు. ఉసిరి చెట్టు లేదే అనుకుంటుంటే ఒక అక్క కుండీలో ఉన్న మొక్కనే వ్యాన్‌లో తీసుకొచ్చింది. పులిహోర, గారెలు, దద్దోజనం, అంతా శాకాహారం. పక్క టెంట్ల వాళ్ళు బార్బెక్యూ వదిలి మా గారెల కోసం రెండోసారి వచ్చారు, వాళ్ళే హూజ్ హౌస్ అని అరిస్తే కూగ్స్ హౌస్ అని బదులివ్వడం మా పెద్దవాళ్ళకి నేర్పించారు. గేమ్ 45-35తో పోయింది గాని ఒక్కళ్ళు కూడా ముందే లేచి వెళ్ళలేదు.

నవంబర్ 22 టీసీయూ (టెక్సాస్ క్రిస్టియన్ యూనివర్సిటీ) గేమ్‌కి మాట్లాడుకున్న బస్సు వాళ్ళు ముందు రోజు రాత్రి రాలేమన్నారు, అడ్వాన్స్ ఇంకా రావాలి, కార్లు సర్దుకుని వెళ్ళేసరికి మొదటి క్వార్టర్ అయిపోయింది, సీనియర్లకి కలిగిన ఇబ్బందికి క్షమించమని అడుగుతున్నా. 17-14తో ఓడిపోయాం. డిసెంబర్ 27న ఎన్‌ఆర్‌జీ స్టేడియంలో, సీజన్ అయ్యాక ఆడే టెక్సాస్ బౌల్ గేమ్‌కి మాత్రం పిలవకుండానే వచ్చారు, ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) మీద 38-35తో గెలిచాం, అది హోమ్ గేమ్ కింద రాదు గాని ఊరు మనదే.

వచ్చే ఏడాదికి కమిటీ అడిగేవి కొన్నే. హాల్ బుక్ చేసేముందు హోమ్ గేమ్ తేదీలు చూడాలి, దీన్ని కార్యవర్గం తీర్మానంగా రాయాలి. గేమ్ ఎన్ని గంటలకో టీవీ వాళ్ళు చాలాసార్లు పన్నెండు రోజుల ముందే చెప్తారు, ఒక్కోసారి ఆరు రోజులే, కాబట్టి ఆ శనివారం మొత్తం ఖాళీగా ఉంచుకోమని సభ్యులకి ముందే చెప్పాలి. సీజన్ టికెట్లు అందరికీ ఒకేచోట దొరికేలా కొనాలి, విడివిడిగా కొంటే ఒక్కో కుటుంబం ఒక్కో మూల కూర్చుని రెండో గేమ్‌కి రావడం మానేస్తున్నారు. ఎమ్మెస్ పిల్లల్లో ఇద్దరు ముగ్గురిని కమిటీలోకి తీసుకోవాలి.

ఆ ఉసిరి కుండీ ఇప్పుడు మా గరాజ్‌లో ఉంది, చలికి నాలుగాకులు రాలాయి గాని బతికే ఉంది, మార్చి వచ్చాక ఎండ బాగా తగిలే పెరడు ఉన్నవాళ్ళు ఎవరైనా తీసుకెళ్ళండి, కార్తీకంలో హోమ్ గేమ్ పడితే లాట్‌కి తెచ్చే పూచీ మాత్రం మీదే.