ఎండాకాలం బైండింగ్ ఆర్డర్ల గురించి మా కస్టమర్లకు

నల్గొండలో మా దగ్గర పుస్తకాలు బైండింగ్ చేయించుకునే స్కూళ్లకు, కోచింగ్ సెంటర్లకు, కవులకు, గుడి కమిటీల పెద్దలకు నమస్కారం. ఈ మార్చి నుంచి జూన్ చివరి దాకా పని తీరు కొంత మారుస్తున్నాం. పొద్దున ఇచ్చి సాయంత్రం తీసుకుపోయే పర్ఫెక్ట్ బైండింగ్ ఈ నాలుగు నెలలూ ఉండదు, తొందరగా అంటే మర్నాడు ఇస్తాం. లోపల ఆర్ట్ పేపర్ (నున్నటి పూత ఉన్న కాగితం) ఉన్న పుస్తకాలకు మామూలు గమ్ వాడం. గమ్ మెషిన్ పొద్దున ఆరు నుంచి పదకొండు వరకే నడుస్తుంది. కొందరికి ఇది ఇబ్బందే. కారణం తెలిస్తే ఒప్పుకుంటారనే నమ్మకంతో వివరంగా రాస్తున్నాను.

పర్ఫెక్ట్ బైండింగ్‌లో కుట్టు ఉండదు. పేజీలన్నీ పేర్చి, వీపు వైపు రెండు మూడు మిల్లీమీటర్లు గీకి, గరుకు చేసి, దాని మీద కరిగిన గమ్ పూసి, వెంటనే కవర్ నొక్కుతాం. ఆ గమ్‌ను హాట్‌మెల్ట్ అంటారు. సంచిలో వచ్చేటప్పుడు గట్టి గింజలుగా ఉంటుంది. ఎక్కువగా వాడేది ఈవీఏ రకం. అందులో పట్టుకు, సాగుడుకు ఒక ప్లాస్టిక్, జిగురుకు రెజిన్, పలుచదనానికి మైనం ఉంటాయి. నీళ్లు ఉండవు. అందుకే "ఫ్యాన్ కింద పెడితే గంటలో ఆరిపోతది కదన్నా" అని ఎవరైనా అంటే సమాధానం చెప్పడం కష్టమవుతుంది. ఆరడానికి అందులో ఏమీ లేదు. వేడి పోతే గట్టిపడుతుంది, అంతే. కాబట్టి దాని బలం మొత్తం వేడి లెక్క మీదే ఉంటుంది. పూసేటప్పుడు ఎంత వేడిలో ఉంది, ఎంత నిదానంగా చల్లారింది, ఆ తర్వాత పుస్తకం ఎంత వేడిలో బతుకుతోంది, ఈ మూడూ చూడాలి.

పూసేటప్పటి వేడి సంగతి ముందు చెబుతాను. ఈవీఏ గమ్‌ను సాధారణంగా 160 నుంచి 180 డిగ్రీల మధ్య పూస్తారు. అంతకంటే తక్కువైతే చిక్కగా ఉండి, ముదిరిన బెల్లం పాకంలా తీగలు సాగుతుంది. కాగితం పోగుల్లోకి దిగదు, పైపైన కూర్చుంటుంది. పుస్తకం చూడటానికి బాగానే ఉంటుంది, నాలుగుసార్లు తెరిచాక పేజీ చేతికొస్తుంది. మరీ వేడెక్కిస్తే పలుచబడి పేజీల మధ్యకు కారిపోతుంది, వీపు మీద ఉండాల్సిన పొర ఉండదు. పైగా ఎక్కువసేపు ఎక్కువ వేడిలో కాగితే గాలి తగిలి మాడుతుంది, రంగు ముదురుతుంది, నల్ల పలుకులు పడతాయి, జిగురు చచ్చిపోతుంది. మళ్లీ వేడి తగ్గించినా ఆ గమ్ బాగుపడదు. స్పీడ్ పెంచడానికి గమ్ వేడి పెంచడం ఈ పనిలో చాలా చోట్ల అలవాటు. మా దగ్గర అది చేయం. పని ఆగినప్పుడు కూడా ట్యాంకు వేడి తగ్గించి ఉంచుతాం.

మెషిన్ మీద కనపడే అంకె ట్యాంకుది. పుస్తకానికి అంటుకునేది గమ్ రోలర్ మీది పొర. ఆ రెండింటికీ తేడా ఉంటుంది. అందుకని ప్రతి లాట్ ముందు రోలర్ మీది గమ్ వేడిని థర్మామీటర్ గన్‌తో కొలుస్తాం. లో వోల్టేజీ రోజుల్లో ఇది మరీ ముఖ్యం. హీటర్ ఇచ్చే వేడి వోల్టేజీ వర్గాన్ని (వోల్టేజీని దానితోనే గుణిస్తే వచ్చేదాన్ని) బట్టి తగ్గుతుంది. 230 వోల్టుల దగ్గర ఉండాల్సింది 180కి పడితే వేడి దాదాపు 40 శాతం పోయినట్టే. మిగతా నెలల్లో కూడా సాయంత్రం వేళ లోడ్ ఎక్కువై వోల్టేజీ ఊగుతుంటే మేం మెషిన్ ఆపేస్తాం. "కరెంటు ఉంది కదా, ఎందుకు ఆపారు" అని అడిగేవాళ్లకు ఇదీ జవాబు.

గమ్ పూశాక కవర్ అతికించడానికి కొన్ని క్షణాల వ్యవధే ఉంటుంది. ఆలోపు నొక్కితేనే పట్టు. జనవరి తెల్లవారుజామున బండల మీద ఉంచిన కాగితం చల్లగా ఉంటుంది, గమ్ పొర కవర్ వచ్చేలోపే పైన గడ్డకడుతుంది. అందుకే చలికాలంలో కాగితాన్ని ముందురోజే లోపలికి తెచ్చి పెడతాం. ఎండాకాలంలో తిరగబడుతుంది. షెడ్డులో 42, 43 డిగ్రీలుంటే గమ్ తొందరగా గట్టిపడదు, క్లాంప్‌లో ఎక్కువసేపు పట్టి ఉంచాలి. వెచ్చగా ఉండగానే కటింగ్ మెషిన్ కింద పెడితే వీపు ఆకారం చెడుతుంది, బ్లేడుకు గమ్ అంటుకుంటుంది. చేతికి చల్లగా తగిలినంత మాత్రాన పూర్తి బలం వచ్చినట్టు కాదు. లోపల ప్లాస్టిక్ కుదురుకోవడానికి ఒక రోజు తీసుకోవచ్చు. అందుకే మర్నాటి డెలివరీ. ప్రతి లాట్‌లో ఒక పుస్తకం మర్నాడు పేజీలు లాగి పరీక్షించి, ఆ తర్వాతే మిగతావి కట్ట కడతాం.

కూలర్ పెట్టుకోవచ్చు కదా అంటారు. మనుషులకు పెడతాం. గాలి మాత్రం గమ్ రోలర్ మీదకు తగలకూడదు, తగిలితే పొర ముందే చల్లబడి పట్టు పోతుంది. మెషిన్ దగ్గర నిలబడే పనివాళ్లకు గాలి తగలకుండా మధ్యాహ్నం రెండింటికి పని చేయించడం నా వల్ల కాదు. పొద్దున పూట పని పెట్టడానికి గమ్ ఒక కారణమైతే ఇది రెండోది. నాకు ఇదే పెద్దది.

ఇక పుస్తకం మీ చేతికి వచ్చాక. నిరుడు మే నెలలో ఒక కోచింగ్ సెంటర్ వాళ్లు మెటీరియల్ తీసుకెళ్లి రెండు రోజులు మూసిన వ్యాన్‌లోనే ఉంచారు. పుస్తకాల వీపులు వంకరపోయాయి, కొన్నింటిలో మధ్య పేజీలు జారాయి. అదే లాట్‌లో మా దగ్గర మిగిలిన కాపీలు నిక్షేపంగా ఉన్నాయి. ఆ సారు అడిగిన ప్రశ్న న్యాయమైనదే: "గమ్ సంచి మీద మెత్తబడేది 90 దాటాక అని రాసుంది. నల్గొండలో 90 డిగ్రీల ఎండ ఉందా?" ఉండదు. కానీ ఆ అంకెను ఎలా తీస్తారో చూడండి. ఇత్తడి రింగులో గమ్ పోసి, మీద చిన్న ఉక్కు గుండు పెట్టి, మెల్లగా వేడి చేస్తారు. గుండు గమ్‌ను సాగదీసి కిందికి దిగినప్పటి వేడి అది. అంటే గమ్ దాదాపు పూర్తిగా లొంగిపోయిన స్థితి. బలం తగ్గడం అంతకు చాలా ముందే మొదలవుతుంది. 50, 60 డిగ్రీల్లోనే బరువు మీద ఉన్న వీపు మెల్లగా సాగుతుంది. బయట 44 ఉన్న రోజు ఎండలో మూసి ఉంచిన బండి లోపల 60 దాటడం మామూలే. 2015 మే వడగాడ్పులు చూసిన జిల్లా మనది, ఎండ గురించి ఎవరికీ చెప్పక్కర్లేదు. ఆ పుస్తకాలు మళ్లీ బైండింగ్ చేసి ఇచ్చాం, ఇప్పటికీ ఆ సారు మాతోనే ఉన్నారు.

కాబట్టి మా మనవి. పుస్తకాల కట్టలు బండిలో వదలొద్దు. రేకుల గదిలో, కిటికీ పక్క ఎండలో పెట్టొద్దు. పడుకోబెట్టి పేర్చండి, వీపులన్నీ ఒకే వైపు రాకుండా కొన్ని అటు, కొన్ని ఇటు తిప్పండి. దేవరకొండ, మిర్యాలగూడ, సూర్యాపేట వైపు పార్సిళ్లను ఇకనుంచి పొద్దున బస్సుకే వేస్తాం.

ఆర్ట్ పేపర్ విషయం. దాని మీద నున్నటి పూత ఉంటుంది, ఈవీఏ పోగుల్లోకి దిగడానికి దారి దొరకదు. రంగుల ప్రింటింగ్ నిండుగా ఉంటే సిరాలోని నూనె కూడా కాలక్రమంలో గమ్‌ను మెత్తబరుస్తుంది. ఎండ తోడైతే చెప్పే పనే లేదు. వాటికి రెండే దారులు: కుట్టు బైండింగ్, లేదా పీయూఆర్ గమ్. పీయూఆర్ కూడా కరిగించి పూసేదే, 120 డిగ్రీల చుట్టుపక్కల. తేడా ఏమిటంటే పూశాక గాలిలోని తేమతో రసాయన చర్య జరిగి గట్టిపడుతుంది. ఒకసారి అలా గట్టిపడితే మళ్లీ వేడికి కరగదు. బండిలో పెట్టినా వీపు జారదు. పొర పలుచన కాబట్టి పుస్తకం బాగా తెరుచుకుంటుంది కూడా.

అంత మంచిదైతే అన్నింటికీ అదే వాడొచ్చు కదా? ధర ఈవీఏ కంటే చాలా ఎక్కువ. ప్యాకెట్ విప్పాక గాలి తేమకు పాడవుతుంది, దాచుకోలేం. పని అయ్యాక ట్యాంకు పూర్తిగా శుభ్రం చేయాలి. దాని ఆవిరి పీల్చకూడదు, గాలి బయటికి లాగే ఫ్యాన్ తప్పనిసరి. అన్నిటికీ మించి, గట్టిపడటానికి తేమ కావాలి, మన మే నెల గాలిలో అదే ఉండదు. వానాకాలంలో ఒక రోజులో అయ్యేది ఎండాకాలంలో ఇంకా ఆలస్యమవుతుంది. అందుకే పీయూఆర్ పుస్తకాలను కూలర్ పెట్టిన గదిలో ఉంచుతాం. ఇక్కడ కూలర్ గాలిలోని చెమ్మ పనికొస్తుంది. వీటిని మూడు రోజుల తర్వాతే అడగండి.

మామూలు, పూత లేని మ్యాప్‌లిథో కాగితం మీద వేసే టెస్ట్ పేపర్ల పుస్తకాలు, కవితా సంపుటాలు, స్కూల్ డైరీలకు ఈవీఏ చాలు. వాటికి పీయూఆర్ వేయమని మేం చెప్పం, అనవసరపు ఖర్చు. ఫొటోలున్న సావనీర్లు, పెద్ద లావు పుస్తకాలు, ఏళ్ల తరబడి తిప్పే రిఫరెన్స్ పుస్తకాలు అయితేనే దాని మాట. నిఘంటువులాంటి వాటికైతే నా సలహా ఇప్పటికీ దారంతో కుట్టించుకోవడమే.

పీయూఆర్ పని వారానికి ఒక్క రోజు, శుక్రవారం, ఆర్డర్లన్నీ కలిపి చేస్తాం. ఒక్కో ఆర్డర్‌కు విడిగా ట్యాంకు నింపితే మీకే ఖర్చు పెరుగుతుంది. ఈవీఏ బైండింగ్ రేటు పెంచలేదు. జూన్ 12న బడులు తెరుస్తారు కాబట్టి స్కూల్ డైరీలు, వర్క్‌బుక్‌ల కాగితాలు మే 20 లోపు మాకు చేరేలా చూడండి. ఆ తర్వాత వచ్చినవి తీసుకుంటాం కానీ బడి తెరిచే రోజుకు ఇస్తామని మాట ఇవ్వలేం.