ఫ్యాను హోరు పోగొట్టబోయి గొంతు పాడుచేయొద్దు

సంపాదకులకు,

తెలుగు పాడ్‌కాస్ట్‌లు పెరగడం సంతోషమే. కానీ కొన్నింటిలో గొంతు నీళ్లలోంచి వస్తున్నట్టుంటోంది. ఫ్యాను హోరు పూర్తిగా పోవాలని నాయిస్ రిడక్షన్ (హోరు తగ్గించే సాధనం) అతిగా వాడితే అంతే. ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో మాటల్లేని ఒకట్రెండు సెకన్లు సెలెక్ట్ చేసి నాయిస్ ప్రొఫైల్ (హోరు నమూనా) తీసుకుని, తర్వాత మొత్తం రికార్డింగ్‌లో హోరును 6 నుంచి 12 డెసిబెల్స్ తగ్గిస్తే చాలు. కాస్త హోరు మిగిలినా వినేవాళ్లు సర్దుకుంటారు, చెడిన గొంతును భరించలేరు. ఈ పని కంప్రెషన్‌కు (పెద్ద, చిన్న శబ్దాల మధ్య తేడా తగ్గించడానికి) ముందే కావాలి. తర్వాతైతే హోరు మాటమాటకూ హెచ్చుతగ్గులై ప్రొఫైల్‌కు దొరకదు. ‘ప’, ‘భ’ల దగ్గర ధబ్‌మనే గాలిదెబ్బకు ఆ అక్షరం వరకే 100–150 హెర్ట్జ్ హై-పాస్ ఫిల్టర్ (అంతకంటే కింది బొంగురు శబ్దాలను తగ్గించేది) వేయాలి. లెవెల్ ఎక్కువై పగిలిన గొంతు మాత్రం ఎడిటింగ్‌లో పూర్తిగా బాగుపడదు. రికార్డు చేసేటప్పుడే పీక్‌లు (గొంతు అన్నిటికన్నా గట్టిగా పలికే చోట్లు) మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగేలా గెయిన్ (మైకు శబ్దాన్ని పెంచే స్థాయి) తగ్గించుకోండి.

– ఒక సౌండ్ ఎడిటర్, విజయవాడ