ఆ తెల్లపొగ జింకే

ఎడిటర్ గారికి,
ఇరవై ఏళ్లుగా ఇత్తడి గంటలు పోత పోస్తున్నాను. ఇత్తడి అంటే రాగి, జింక్ కలిసిన లోహం. రాగి కరగాలంటే 1085 డిగ్రీలు కావాలి. జింక్ 907 డిగ్రీలకే మరిగి ఆవిరైపోతుంది. మూస (లోహం కరిగించే పాత్ర) కాస్త ఎక్కువ కాగిందా, తెల్లపొగ లేచి దూదిపింజల్లా రేకుల కప్పుకు అంటుకుంటుంది. మా షెడ్డులో సాలెగూళ్లు కూడా తెల్లగానే ఉంటాయి! పాత ఇత్తడిని పదే పదే కరిగిస్తే రంగు ఎర్రబారుతుంది. అందుకే పైన బొగ్గుపొడి చల్లి, తగ్గిన జింక్ చివర్లో కలుపుతాం. సరే, మా ఒంట్లోకి పోయిన పొగ సంగతో? సెలవు తర్వాత పనిలోకి దిగిన రోజు సాయంత్రానికల్లా చలిజ్వరం, నోట్లో లోహపు రుచి. మర్నాటికి తగ్గిపోతుంది కాబట్టి ఓనరుకు పట్టదు. హస్తకళల మేళాల్లో మాకు స్టాళ్లు ఇచ్చే అధికారులు మూసల మీదికి పొగగొట్టం, ఫ్యాను కూడా ఇప్పించాలి.

– ఒక పోత కార్మికుడు, శ్రీకాకుళం జిల్లా