అమ్మకి ‘కరెంటు’ పెట్టిన ఇరవై రోజులు: థాంక్స్ చెప్పాల్సినవాళ్ళు

అమ్మకి రేడియేషన్ మొన్న శుక్రవారంతో అయిపోయింది. మొత్తం 20 సిట్టింగులు. నిన్న చెన్నై సెంట్రల్‌లో కావలి రైలెక్కించి వచ్చాను. ఈ నెల రోజుల్లో ఎవరెవరు ఎంత ఆదుకున్నారో ఇప్పుడు రాయకపోతే రేపట్నుంచి ఆఫీసు గొడవలో పడి మర్చిపోతాను, అందుకని అన్నం తిని ఇలా కూర్చున్నాను.

అమ్మకి ఎడమ రొమ్ములో గడ్డ. ఆపరేషన్ చేసి గడ్డ వరకే తీశారు, తర్వాత కీమో, ఆ తర్వాత ఇది. రొమ్ము మొత్తం తీయకుండా గడ్డ ఒక్కటే తీసినప్పుడు, కంటికి కనపడకుండా ఎక్కడైనా కణాలు మిగిలుంటే వాటి కోసం రేడియేషన్ ఇస్తారట. ఇదంతా నాకు ఇప్పుడు తెలుసు గానీ అప్పట్లో మా ఇద్దరికీ తెలిసింది ఒకటే మాట, ‘కరెంటు పెడతారు’. మా వైపు అలాగే అంటారు. చెన్నైలో తమిళవాళ్ళు కూడా ‘కరెంట్’ అనే అంటారని ఇక్కడ వెయిటింగ్ హాల్లో కూర్చున్నాకే తెలిసింది. అమ్మ మా పొలంలో మోటారు స్టార్టర్ దగ్గర షాక్ కొట్టి పడిపోయిన మనిషిని కళ్ళారా చూసింది. ఒంటికి వైర్లు తగిలిస్తారనుకుని మూడు రాత్రులు నిద్రపోలేదు, నాతో చెప్పనూ లేదు.

అందుకే మొదటి దణ్ణం ఆ ఫిజిసిస్ట్ సారుకి. డాక్టరు ఎక్కడ ఎంత ఇవ్వాలో రాస్తే, అది ఏ కోణం నుంచి ఎలా పడాలో లెక్క కట్టేది వీళ్ళు. ఆయనది గూడూరు. నెల్లూరు యాస వినపడగానే కారిడార్లోకి వచ్చి అమ్మ పక్క కుర్చీలో కూర్చుని, “కరెంటు మిషన్‌కమ్మా, మీక్కాదు” అన్నారు. ఆ ఒక్క ముక్కతో అమ్మ భుజాలు కిందికి దిగాయి, నేను చూశాను. మిషన్ లోపల ఎలక్ట్రాన్లని విపరీతమైన వేగంతో తోసి టంగ్‌స్టన్ ముక్క మీద కొట్టిస్తే ఎక్స్‌రేలు పుడతాయని, ఛాతీకి తీసే ఎక్స్‌రే జాతే గానీ దానికంటే చాలా బలమైనవని, అవి కణం లోపలి డిఎన్ఎ దారాన్ని తెంపుతాయని చెప్పారు. మంచి కణం తెగిన దారాన్ని చాలావరకు ముడేసుకుంటుంది, క్యాన్సర్ కణానికి ఆ పని సరిగ్గా చేతకాదు. అందుకే ఒకేసారి కాకుండా రోజూ కొంచెం, శని ఆదివారాలు సెలవు. అమ్మ కాసేపు ఆలోచించి “వడియాలకి ఎండ పెట్టినట్టా?” అంది. ఆయన నవ్వి “అలాగే అనుకోండి, మాడకుండా చూసుకునే పని మాది” అన్నారు.

ఇంకో సంగతి కూడా ఆయనే తేల్చారు. మా మూడేళ్ళ పాపని అమ్మ ఒళ్ళోకి తీసుకోవడం మానేసింది, తన కంచం, గ్లాసు వేరుగా పెట్టుకుంది. మా బంధువుల్లో ఒకావిడకి థైరాయిడ్ క్యాన్సర్‌కి రేడియో అయోడిన్ మందు ఇచ్చినప్పుడు కొన్నాళ్ళు వేరే గదిలో ఉంచారు, అది మనసులో పెట్టుకుంది. ఆ మందు ఒంట్లోకి వెళ్తుంది కాబట్టి అక్కడ దూరం పాటించాలి. ఇలా బయటి నుంచి మిషన్‌తో ఇచ్చేదాంట్లో ఒంట్లో ఏమీ మిగలదు. “లైటార్పేశాక గదిలో వెలుతురుంటుందా అమ్మా?” అన్నారు. ఆ సాయంత్రం పాప అమ్మమ్మ ఒళ్ళోనే పెరుగన్నం తింది.

నా అనుమానం నాది. తెలిసినవాళ్ళకి హైదరాబాద్‌లో 25 ఇచ్చారు, మాకు 15, ఆపైన గడ్డ తీసిన చోటుకి మాత్రం ఇంకో 5 అన్నారు. తక్కువ చేసి పంపించేస్తున్నారేమో అని మొహమాటం లేకుండా అడిగేశాను. ఆయనేం కోపగించుకోలేదు. పాత పద్ధతిలో 25 రోజుల్లో 50 గ్రే ఇచ్చేవాళ్ళట, గ్రే అంటే మోతాదు కొలత. ఇప్పుడు రోజు మోతాదు కాస్త పెంచి 15 రోజుల్లో 40 ఇస్తున్నారు. బ్రిటన్‌లో నాలుగు వేల మందికి పైగా ఆడవాళ్ళ మీద పరీక్షించి, పదేళ్ళు గమనించి, 2013లో ఫలితాలు బయటపెట్టారట, ఇలా తక్కువ రోజుల్లో ఇచ్చినా జబ్బు అదుపులో తేడా రాలేదని. ఊరి నుంచి వచ్చి అద్దెకుండేవాళ్ళకి రెండు వారాలు తగ్గడమంటే ఎంతో నేను లెక్క చెప్పనక్కర్లేదు.

ఇక మిషన్ నడిపే ఆ టెక్నాలజిస్ట్ కుర్రాడు. ఇతని గురించి రాయడానికే అసలు ఈ పోస్టు. ఎడమ వైపు కాబట్టి గుండె దగ్గరే ఉంటుంది. గట్టిగా ఊపిరి పీల్చి బిగబడితే ఊపిరితిత్తులు నిండి గుండె ఛాతీ గోడ నుంచి కాస్త దూరం జరుగుతుంది, ఆ ఇరవై సెకన్లలో రేడియేషన్ ఇస్తారు, మళ్ళీ వదలమంటారు, మళ్ళీ పీల్చమంటారు. లోపల పేషెంటు తప్ప ఎవరూ ఉండరు, వాళ్ళు బయట కెమెరాలో చూస్తూ మైకులో చెప్తారు. మొదట సిటి స్కాన్ దగ్గర ప్రాక్టీస్ చేయించినప్పుడు మైకులో తమిళంలో ‘మూచ్చు, మూచ్చు’ అన్నారు. అంటే ఊపిరి. అమ్మకి అది ‘మూర్ఛ’లా వినపడింది. తనకి మూర్ఛ వస్తోందని చెప్తున్నారనుకుని లేచి కూర్చోబోయింది!

మర్నాడు ఆ అబ్బాయి నన్ను పిలిచి తెలుగులో ఏమనాలో అడిగి, ‘ఊపిరి పీల్చండి, బిగబట్టండి, వదలండి’ అని తమిళ అక్షరాల్లో చీటీ రాసుకుని మానిటర్ కింద టేపుతో అంటించుకున్నాడు. తమిళంలో ప, బ ఒకటే అక్షరం కదా, మొదటి రోజు మైకులో “పిగపట్టండి” అని వచ్చింది. అమ్మకి నవ్వాగక ఊపిరి వదిలేసింది. ఊపిరి వాళ్ళు పెట్టిన హద్దు దాటితే మిషన్ దానంతటదే ఆగుతుందట, ఆగింది, మళ్ళీ మొదలుపెట్టారు. నాలుగో రోజుకి ఆ అబ్బాయి ‘బ’ పలకడం నేర్చుకున్నాడు, అమ్మ నవ్వకుండా ఉండడం నేర్చుకుంది.

ఒక్క ఫిర్యాదు ఉంది, పేర్లు వద్దు. మార్కింగ్ వేసిన రోజు, రేడియేషన్ ఎక్కడ పడాలో గుర్తుగా ఒంటి మీద గీసిన గీతలు చెరపకూడదని మాకు ఎవరూ తెలుగులో చెప్పలేదు. ఒక కాగితం చేతిలో పెట్టారు, అది ఇంగ్లీషు, తమిళం. శుక్రవారం కదా అని అమ్మ తలంటుకుని శనగపిండితో శుభ్రంగా రుద్దుకుని వచ్చింది. మళ్ళీ టేబుల్ మీద పడుకోబెట్టి, కొలిచి, గీసి, గంటన్నర. ఈ ఊరి చెమటకి ఎలాగూ సగం చెరిగిపోతాయి, అద్దం ముందు నిలబడి ఉన్నాయా లేదా అని చూసుకోవడమే మాకు రోజూ పని అయింది.

ఫిజియోథెరపీ అమ్మాయికి కూడా థాంక్స్. ఆపరేషన్ తర్వాత అమ్మ చెయ్యి భుజం దాటి లేచేది కాదు, రేడియేషన్‌కేమో రెండు చేతులూ తల పైకి పెట్టి కదలకుండా పడుకోవాలి. గోడ మీద వేళ్ళు చీమల్లా పాకిస్తూ పైకి తీసుకెళ్ళమంది. క్యాలెండర్ పక్కన పెన్సిల్ గీతలున్నాయి, పన్నెండు రోజులవి. ఓనరుకి ఇంకా చెప్పలేదు.

వేళచ్చేరి నుంచి రోజూ తీసుకెళ్ళిన ఆటో అన్న వెయిటింగ్ చార్జీ ఒక్కరోజూ తీసుకోలేదు. వాళ్ళమ్మకి అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో చూపించారట, తన చెల్లెలు క్యాన్సర్‌తో పోయాక డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి పట్టుబట్టి 1954లో 12 పడకలతో మొదలుపెట్టిన చోటు అది. పై ఇంటి మామి, నేను మీటింగుల్లో ఉన్నప్పుడు అమ్మకి రసం అన్నం పంపిన మామి, ఆవిడకి ఏమిచ్చినా తక్కువే.

చివరి వారంలో చర్మం నల్లబడి మంట పుట్టింది, రొమ్ము కింద మడతలో ఎక్కువగా. పసుపు, కొబ్బరినూనె ఏదీ సొంతంగా రాయొద్దన్నారు, వాళ్ళిచ్చిన క్రీము, వదులుగా ఉండే నూలు జాకెట్టు, అంతే. అయిపోయాక కూడా ఒకటి రెండు వారాలు మంట పెరగొచ్చని ముందే చెప్పారు కాబట్టి ఇప్పుడు ఫోన్‌లో అమ్మ గొణిగినా నాకు టెన్షన్ లేదు. కీమోకి రాలి మళ్ళీ మఖమల్లా మొలుస్తున్న జుట్టు ఇంకోసారి ఊడుతుందని భయపడింది, ఊడలేదు. ఇది ఎక్కడ పడితే అక్కడే పని చేస్తుందిగా.

ఆఖరి రోజు అమ్మ ఆ అబ్బాయిని మానిటర్ కిందున్న చీటీ గుర్తుగా ఇమ్మని అడిగింది. ఇవ్వనన్నాడు. సోమవారం నుంచి సూళ్ళూరుపేట ఆవిడ ఒకరు వస్తున్నారట.