సేకరించినవాళ్ల తర్వాత ఆ వస్తువులకు దిక్కెవరు?

సంపాదకుడు గారికి,

పాత నాణేలు, తాళాలు, సోలలు, తవ్వలు పోగుచేసి ఇంట్లోనే చిన్న మ్యూజియం పెట్టుకున్న మనుషులు మన ఊళ్లలో అక్కడక్కడా ఉంటారు. వాళ్ల గురించి ఫొటోతో సహా పేపర్లో ఒకసారి వార్త వస్తుంది. ఆ పెద్దాయన పోయాక ఆ సామాను ఏమైందో ఎవరూ రాయరు.

పుణెలో కళ్లజోళ్ల దుకాణం నడిపిన దినకర్ కేల్కర్ 1920 ప్రాంతంలో ఈ పని మొదలుపెట్టారు. ఆయన మనసు ఎక్కువగా దీపపు కుందెలు, అడకత్తెరలు, వంటపాత్రలు, పాత ఇళ్ల చెక్కడపు తలుపుల మీద ఉండేది. భార్య కమలాబాయి కూడా తోడు నిలిచారు. అలా సుమారు 20 వేల వస్తువులు చేరాయి. చిన్నప్పుడే పోయిన కొడుకు రాజా పేరే మ్యూజియానికి పెట్టారు. వీటన్నిటికన్నా నాకు గొప్పగా తోచేది, 1975లో ఆయన బతికుండగానే ఆ మొత్తాన్ని మహారాష్ట్ర ప్రభుత్వానికి అప్పగించడం. ఆయన 1990లో పోయారు. మ్యూజియం నిలిచింది.

ఇంగ్లండులోని బ్రాంబర్ అనే పల్లెలో వాల్టర్ పాటర్ 1861లో తెరిచిన వింతల మ్యూజియానికి ఆ భాగ్యం దక్కలేదు. చచ్చిన పిల్లికూనలకు బట్టలు తొడిగి పెళ్లి చేసినట్టు బొమ్మల కొలువు పెట్టాడాయన. (నాకైతే చూడబుద్ధి కాదు, కానీ జనం విరగబడి చూశారు.) ఆ సేకరణ చేతులు మారి, ఊళ్లు మారి, చివరికి 2003లో వేలంలో ముక్కలుముక్కలుగా అమ్ముడుపోయింది.

మన దగ్గర వేలం దాకా కూడా పోదు. ఇత్తడైతే తూకానికి, కాగితమైతే చిత్తుకు. పైగా ఏ వస్తువు ఏ ఊరిది, ఎవరింట్లోది, దేనికి వాడేవారన్న సంగతి ఆ సేకర్త తలలోనే ఉంటుంది. అది రాసిపెట్టకపోతే సోల మిగిలినా కథ మిగలదు.

కేంద్ర సాంస్కృతిక శాఖకు మ్యూజియాలకిచ్చే గ్రాంటు పథకం ఉంది. ప్రైవేటు వాళ్లు అందుకోవాలంటే సొసైటీగానో ట్రస్టుగానో రిజిస్టరై ఉండాలి. డెబ్బై దాటిన ఒంటరి మనిషి ఆ కాగితాల కోసం ఎన్ని ఆఫీసులు తిరుగుతారు? జిల్లా పురావస్తు అధికారులే ఇలాంటి ఇళ్లకు వెళ్లి, ఆయన చెబుతుండగా జాబితా రాసి ఫొటోలు తీయించాలి. ట్రస్టు పెట్టడానికి మున్సిపాలిటీ సాయం చేసి, ఖాళీగా ఉన్న తన భవనాల్లో ఒక గది ఇవ్వాలి. ఇదంతా ఆయన ఓపికగా ఉన్నప్పుడే జరగాలి.

– ఒక పాఠకుడు, తెనాలి