గాల్లో గంటంబావు, నేల మీద ఏడు గంటలు

గౌరవనీయులైన కేంద్ర పౌర విమానయాన శాఖ మంత్రి శ్రీ కింజరాపు రామ్మోహన్ నాయుడు గారికి, నెల్లూరు నుంచి నమస్కారాలతో.

పోయినేడు మా అమ్మను ఉన్నట్టుండి ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది. మా అమ్మాయి హైదరాబాదులో ఉద్యోగం చేస్తోంది. తొందరగా రావచ్చని చెన్నైకి విమానం టికెట్ తీసుకుంది. టికెట్ మీద ప్రయాణం గంటంబావు. మియాపూర్‌లో తెల్లవారుజామున ఐదుకు బయల్దేరిన పిల్ల శంషాబాద్ చేరి, తనిఖీలు దాటి, చెన్నైలో దిగి, అక్కడి ట్రాఫిక్‌లోంచి బయటపడి, తడ, సూళ్లూరుపేట, నాయుడుపేట, గూడూరు దాటుకుంటూ ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. అప్పటికే మా అమ్మను ఆపరేషన్‌కు లోపలికి తీసుకెళ్లారు. మనవరాలు వచ్చిందా అని అడుగుతూనే వెళ్లింది.

ఆ రాత్రి మ్యాపు తీసి చూశాను. శంషాబాద్ నుంచి చెన్నై విమానాశ్రయానికి సూటిగా గీత గీస్తే 500 కిలోమీటర్ల పైచిలుకు. ఆ గీత మా జిల్లా మీదుగా, ఆత్మకూరు దగ్గరగా పోతుంది. అంటే నా బిడ్డ మా ఊరి పక్కనుంచే దాటిపోయి, మళ్లీ 175 కిలోమీటర్లు కారులో వెనక్కి వచ్చింది. సికింద్రాబాద్‌లో పొద్దున వందేభారత్ ఎక్కినా ఆరున్నర గంటల లోపే నెల్లూరులో దిగేది.

రేణిగుంట విమానాశ్రయం ఉంది కదా అంటారు. అదీ 120 కిలోమీటర్ల పైమాటే. ఒంగోలు వాళ్లకు గన్నవరం ఇంకా దూరం. కృష్ణపట్నం పోర్టు పనుల మీద తిరిగేవాళ్లూ, రొయ్యల వ్యాపారులూ, చీమకుర్తి గ్రానైట్ కొనడానికి వచ్చేవాళ్లూ, గల్ఫ్ నుంచి సెలవుకు వచ్చే మా పిల్లలూ అందరూ ఈ రోడ్ల మీదే అలసిపోతున్నారు. దొనకొండలో బ్రిటిష్ వాళ్ల కాలం నాటి రన్‌వే ఊరికే పడి ఉంది. అద్దంకి దగ్గర హైవే మీద 2024 మార్చిలో వాయుసేన విమానాలు దిగాయి. యుద్ధానికి పనికొచ్చే నేల ప్రయాణానికి పనికిరాదా అని మా వాళ్లు అడిగితే నాకు జవాబు దొరకలేదు.

మా జిల్లాలోనే దగదర్తిలో కట్టాల్సిన విమానాశ్రయానికి 2019 జనవరిలో శంకుస్థాపన జరిగింది. శంషాబాద్ నుంచి దగదర్తికి సూటిగా సుమారు 330 కిలోమీటర్లు. చిన్న ఏటీఆర్ విమానానికి గంట పని. చిన్న ఊళ్లకు తక్కువ ఖర్చుతో విమానాలు నడిపే ఉడాన్ పథకం మొదలుపెట్టినప్పుడు కేంద్రం లెక్కేసింది కూడా గంట ప్రయాణాన్నే, 2,500 రూపాయల టికెట్‌తో. దగదర్తిలో దిగితే నెల్లూరుకూ కావలికీ గంట లోపు దారి. కందుకూరు వాళ్లకూ దగ్గరే.

మీది శ్రీకాకుళం. విమానం ఎక్కాలంటే విశాఖ దాకా రోడ్డు పట్టుకుని పోవడం ఎలా ఉంటుందో మీకు ఒకరు చెప్పనక్కరలేదు. అందుకే రాష్ట్ర ప్రభుత్వానికి రాసే ముందు మీకే రాస్తున్నాను.

నేను అడిగేవి రెండే. దగదర్తిలో రన్‌వే ఎప్పటికి పూర్తవుతుందో, మొదటి విమానం ఎప్పుడు దిగుతుందో రాష్ట్రంతో కూర్చుని తేదీలతో సహా ప్రకటించండి. ఆ మొదటి విమానం హైదరాబాదుదై ఉండేలా, పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి నడిచేలా ఉడాన్‌లో ఇప్పుడే చోటు పెట్టండి.

మా అమ్మ కోలుకుంది. మా అమ్మాయి మాత్రం ఇప్పటికీ రాత్రిపూట ఫోన్ మోగితే ముందు దూరం లెక్కేసుకుంటోంది.

ఇట్లు,
నెల్లూరు నగరవాసి