కప్పు అంటే ఏ కప్పు?

చిన్నీ,

అన్నం గంజిలా అయిందని బియ్యాన్ని తిట్టకే, పాపం వాటి తప్పేం లేదు. కుక్కర్‌తో వచ్చిన ప్లాస్టిక్ కప్పుతో బియ్యం కొలిచి, అక్కడ కొన్న మెజరింగ్ కప్పుతో నీళ్లు పోశావు. కుక్కర్ కప్పు 180 ఎంఎల్, అమెరికా కప్పు 237 ఎంఎల్, అంటే నువ్వు ఒకటికి రెండు అనుకున్నావు గానీ పడింది రెండున్నరకి పైనే, ఇంక గంజి కాక ఏమవుతుంది చెప్పు.

మీ అమ్మమ్మ ఏనాడూ ఎంఎల్ అడగలేదు. నాలుగు గిద్దెలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, అంతే ఆవిడ లెక్క. ఊరికో సోల ఉన్నా వంట చెడలేదు, ఎందుకంటే బియ్యం కొలిచిన సోలతోనే నీళ్లూ పోసేది. నేను చెప్పే పాళ్లన్నీ నువ్వూ ఒకే గిన్నెతో కొలువు, అది చిన్నదైనా పెద్దదైనా పర్లేదు, ఆవకాయకైనా అంతే.

పాలు గ్యాలన్‌లో తెస్తున్నా అన్నావు కదా, అది 3.785 లీటర్లు, మనింటికొచ్చే అరలీటర్ ప్యాకెట్లు ఏడున్నర! ఇద్దరికి అన్ని పాలెందుకో నాకర్థం కాదు, కనీసం తోడన్నా పెట్టుకో. లండన్‌లో మీ అన్నయ్య తన కారు మైలేజీ గొప్పగా చెప్తే మాత్రం కుళ్లుకోకు, ఇంగ్లండ్ గ్యాలన్ 4.546 లీటర్లు, వాడి గ్యాలనే పెద్దది. అక్కడ పెట్రోల్ పోసేది లీటర్లలో, మైలేజీ చెప్పేది గ్యాలన్లలో, అదేం చోద్యమో.

ఔన్సులు చూసి కూడా తికమక పడకు. ఫ్లూయిడ్ ఔన్స్ అని ఉంటే కొలత, సుమారు 29.6 ఎంఎల్, ఉత్త ఔన్స్ అంటే బరువు, 28.35 గ్రాములు. నీళ్లకైతే పెద్ద తేడా తెలీదు గానీ కప్పు మైదా 120 గ్రాముల చుట్టుపక్కలే తూగుతుంది, కేక్ చేసేటప్పుడు నీళ్లలాగే కప్పుకి సుమారు 240 గ్రాములని వేసేశావంటే రాయే.

బాబు సిరప్ దగ్గర మాత్రం ఈ లెక్కలేవీ వద్దు. టీస్పూన్ అంటే 5 ఎంఎల్, టేబుల్‌స్పూన్ అంటే 15, కంగారులో ఒకటనుకుని ఇంకోటి పోస్తే మూడింతల మందు పడుతుంది తల్లీ. వంటింటి చెంచాలు ఎలాగూ ఒక్కోటి ఒక్కో సైజు. డాక్టర్ ఎన్ని ఎంఎల్ అన్నారో అడిగి రాసుకో, సిరంజి మీద గీత చూసి అంతే వెయ్యి. సిరంజి లేకపోతే మెడికల్ షాపులో అడుగు, ఇస్తారు.

అమ్మ
హైదరాబాద్